స్కోపు కింద, తుపాకీ పైన

నవంబర్ మొదటి శనివారం టెక్సాస్‌లో జింకల సీజన్ మొదలవుతుంది. అంతకు ముందు వారాల్లో అక్కడి ఏ షూటింగ్ రేంజ్‌కి వెళ్లినా బల్లలన్నీ నిండి ఉంటాయి. ఏడాదంతా బీరువాలో పడున్న రైఫిళ్లని బయటికి తీసి, ఇసుక సంచుల మీద ఆనించి, వంద గజాల దూరంలో కాగితం పెట్టి కాలుస్తుంటారు. పోయినేడు అంగుళమున్నరలో పడిన మూడు గుండ్లు ఈసారి అయిదంగుళాల మేర చెదిరిపోతాయి. ముందు తూటాల కంపెనీని తిడతారు. తర్వాత స్కోపుని అనుమానిస్తారు. కాస్త నిజాయతీ ఉన్నవాళ్లు తమ చేతినే అనుమానిస్తారు. స్కోపుని తుపాకీకి పట్టి ఉంచే చిన్న లోహపు పలకనీ, దాన్ని బిగించిన నాలుగు స్క్రూలనీ తడిమి చూసేది అన్నీ అయిపోయాక, కొన్నిసార్లు కొత్త స్కోపు కొన్నాక. ఈ వరుస తిరగేయాలి. ఆ పలకని చూడటానికి పైసా ఖర్చు లేదు. పైగా తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఆ పలకని బేస్ అంటారు. బ్యారెల్ వెనక కొస వచ్చి బిగిసే ఉక్కు దిమ్మ రిసీవర్. బేస్ ఆ రిసీవర్ నెత్తిన కూర్చుంటుంది. బేస్ మీద రెండు రింగులు, రింగుల్లో స్కోపు. రింగుల సంగతి, స్కోపు అడ్డగీత వంకర పోకుండా నిలపడం వచ్చే అధ్యాయంలో చెబుతాను. ఇక్కడ మన పని రిసీవర్‌కీ బేస్‌కీ మధ్య ఉన్న ఆ ఒక్క అతుకుతోనే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇండియాలో వేట రైఫిల్ అన్నది మనలో చాలామందికి తాతల కాలపు కబురు. ఈ పుస్తకం చదివేవాళ్లు ఎక్కువగా అమెరికాలో స్థిరపడి, తోటి ఉద్యోగుల వెంట అడవికి వెళ్లి ఆ అలవాటు నేర్చుకున్న తెలుగువాళ్లు. అందుకే పనిలోకి దిగకముందు ఒక మాట. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే ఆ మినహాయింపూ తీరిపోతుంది. టెక్సాస్‌ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31 దాకానే. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ కాగితం మీద తేదీ చూసుకోండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ పేచీ లేదు, రాష్ట్రాల చట్టాలు మాత్రం అందరికీ వర్తిస్తాయి.

వెయ్యో వంతు

బేస్ ఎంత కదిలితే ఎంత నష్టమో లెక్క వేసుకుంటే, తర్వాత చెప్పే చాదస్తమంతా చాదస్తంలా అనిపించదు. రెండు రింగుల మధ్య దూరం సుమారు నాలుగంగుళాలు అనుకుందాం. వెనక కొస అంగుళంలో వెయ్యో వంతు పక్కకి జరిగింది. వంద గజాలంటే 3600 అంగుళాలు, అంటే నాలుగంగుళాలకి 900 రెట్లు. కాబట్టి గుండు పడే చోటు దాదాపు అంగుళంలో తొమ్మిది పదో వంతులు జరుగుతుంది. వెయ్యో వంతు అంటే తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండకపోవచ్చు. మూడు వందల గజాల దగ్గర అదే తేడా రెండున్నర అంగుళాలు దాటుతుంది. వేలితో ఊపితే బేస్ కదలడం లేదు కదా అని సరిపెట్టుకోవద్దు. వేలికి తెలిసే కదలిక ఉంటే ఆ రైఫిల్‌తో కాగితం మీద అసలు ఎక్కడ పడుతుందో కూడా చెప్పలేం.

రెండో లెక్క బలానిది. .308 లాంటి మామూలు వేట రైఫిల్, స్కోపుతో కలిపి ఎనిమిది పౌండ్ల బరువుందనుకోండి. గుండు బ్యారెల్ దాటేలోపు, అంటే సెకనులో వెయ్యో వంతు పైచిలుకు సమయంలో, రైఫిల్ వెనక్కి సెకనుకి ఏడెనిమిది అడుగుల వేగం అందుకుంటుంది. ఆ కుదుపు గురుత్వాకర్షణకి రెండొందల రెట్ల పైమాటే. ఆ క్షణంలో రైఫిల్ వెనక్కి దూసుకుపోతుంటే స్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. స్కోపు, రింగులు, బేస్ కలిపి పౌండున్నర అయితే, వాటిని తనతోపాటు వెనక్కి లాక్కుపోవడానికి రిసీవర్ మూడు వందల పౌండ్లకు పైగా బలంతో లాగాలి.

ఈ బలం ఎవరి మీద పడుతుంది? స్క్రూల నడుం మీద అనుకుంటాం. నిజానికి ముందు కాచేది రాపిడి. స్క్రూ బిగిస్తే అది కొద్దిగా సాగుతుంది, సాగిన స్క్రూ స్ప్రింగులా బేస్‌ని రిసీవర్‌కి అదిమి పెడుతుంది. ఆ అదుములోంచి పుట్టే రాపిడే బేస్‌ని జారనివ్వదు. అమెరికన్ రైఫిళ్లలో ఎక్కువగా కనిపించే 6-48 స్క్రూని 20 ఇంచ్-పౌండ్లకి బిగిస్తే ముతక లెక్కన ఏడు వందల పౌండ్ల అదుము వస్తుంది. నాలుగు స్క్రూలకి 2800. ఉక్కు మీద ఉక్కుకి రాపిడి అందులో ఆరో ఏడో వంతు అనుకున్నా నాలుగు వందల చిల్లర. మూడు వందలకి నాలుగు వందలు! ఉన్న వెసులుబాటు అంతే. బిగింపు సగానికి తగ్గించండి, రాపిడి రెండు వందలకి పడిపోతుంది, బేస్ ప్రతి కాల్పుకీ ఇంతింత జారుతుంది. అప్పుడే స్క్రూల నడుం మీద దెబ్బ పడటం మొదలవుతుంది. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి గట్టిగా తన్నే తుపాకీ అయితే, లేక మూడు పౌండ్ల పెద్ద స్కోపు పెడితే, అసలు ఈ లెక్కలో మిగులే ఉండదు. అలాంటి వాటికి కింద చిన్న ఉక్కు పన్ను ఉండి, అది రిసీవర్ అంచుకి ఆనుకునే బేస్‌లు దొరుకుతాయి. 6-48 బదులు లావైన 8-40 స్క్రూలకి రంధ్రాలు పెద్దవి చేయించుకోవడం మరో దారి. 6-48 అంటే 0.138 అంగుళాల లావు, అంగుళానికి 48 చుట్లు. 8-40 అంటే 0.164 అంగుళాల లావు, 40 చుట్లు.

ఒక ముక్కా, రెండు ముక్కలా

దీని మీద వాదించుకునేవాళ్లకి అంతు లేదు కాబట్టి నా తీర్పు చెప్పి ముందుకు పోతాను. జింకలకి, మూడు వందల గజాల లోపు, రెండు ముక్కల బేస్ చాలు. తేలిక, తూటాలు నింపుకునే చోటు అడ్డం లేకుండా ఉంటుంది. దూరపు గురి కోసం, లేదా స్కోపుని ముందుకీ వెనక్కీ జరుపుకునే వెసులుబాటు కోసం ఒకే ముక్కగా పొడుగ్గా ఉండే రైలు బేస్ మేలు. రైళ్లలో రెండు రకాల గాళ్లు కనిపిస్తాయి. 1930లో స్కోపుల కంపెనీ పెట్టి తర్వాత ఎల్ పాసోలో స్థిరపడిన బిల్ వీవర్ పేరుతో వచ్చిన గాడి వెడల్పు 0.180 అంగుళాలు. 1995లో అమెరికా సైన్యం మిల్-స్టాండర్డ్-1913 పేరుతో ఖాయం చేసిన పికాటిన్నీ గాడిది 0.206. వీవర్ రింగులు పికాటిన్నీ రైలు మీద సాధారణంగా కూర్చుంటాయి, పికాటిన్నీ రింగుల అడ్డకడ్డీ మాత్రం వీవర్ గాడిలోకి దిగదు. అల్యూమినియమా ఉక్కా అంటే, తన్ను ఎక్కువైన కొద్దీ ఉక్కు వైపు మొగ్గండి. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది, మరలు కూడా తొందరగా నలుగుతాయి. మామూలు వేటకి మాత్రం మంచి అల్యూమినియం బేస్ వల్ల గురి చెడిందని ఎవరైనా అంటే నేను ముందు వాళ్ల స్క్రూలే చూస్తాను.

పెట్టె మీద మీ రైఫిల్ మోడల్ పేరు ఉంటే చాలదు. రెమింగ్‌టన్ మోడల్ 700ని 1962 నుంచి తయారు చేస్తున్నారు. అందులో షార్ట్ యాక్షన్, లాంగ్ యాక్షన్ అని రెండు పొడవులున్నాయి, వాటికి వేర్వేరు రైళ్లు. పైగా ఆ రిసీవర్ వెనక భాగం ముందు భాగం కన్నా కిందికి ఉంటుంది. రెండు ముక్కల బేస్ అయితే వెనక ముక్క మందంగా ఉంటుంది. ముందుది వెనక, వెనకది ముందు పెట్టి బిగించినవాళ్లున్నారు. స్కోపు ఆకాశం కేసి చూస్తుంటే తప్ప వాళ్లకి అనుమానం రాలేదు.

పొడుగు స్క్రూ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బేస్ వదులు కావడానికి అందరూ చెప్పే కారణం సరిగా బిగించకపోవడం. నేను మొదట వెతికే కారణం వేరు: స్క్రూ పొడుగు ఎక్కువ కావడం.

రిసీవర్ ముందు భాగంలో ఉన్న మొదటి రంధ్రం కింద బ్యారెల్ మరలున్నాయి. అంటే ఆ రంధ్రం అడుగున శూన్యం లేదు, ఉక్కు ఉంది. స్క్రూ కాస్త పొడుగైతే దాని కొస వెళ్లి బ్యారెల్‌ని తాకుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది. బిగింపు కొలిచే రెంచ్ కూడా 20 ఇంచ్-పౌండ్లు అని టక్కుమంటుంది. కానీ ఆ బలమంతా బ్యారెల్‌ని నెట్టడానికే పోయింది. స్క్రూ తల బేస్‌ని అదమనే లేదు. పైన మనం వేసుకున్న ఏడు వందల పౌండ్లు అక్కడ సున్నా. ఇంతకన్నా మోసకారి లోపం రైఫిల్‌లో ఇంకోటి లేదు, ఎందుకంటే సరిగా బిగించానన్న ధీమా మీకు ఉంటుంది.

ముందు భాగంలోనే రెండో రంధ్రం కింద బోల్ట్ లగ్గులు తిరిగే చోటు ఉంటుంది. బోల్ట్ అంటే ఇక్కడ నట్టు-బోల్టులోని బోల్టు కాదు, తూటాని చాంబర్‌లోకి నెట్టి తలుపులా మూసే ఉక్కు కడ్డీ. లగ్గులు ఆ తలుపుకి గడియలు. స్క్రూ కొస లోపలికి పొడుచుకు వస్తే ఆ లగ్గులకి అడ్డం పడుతుంది. హ్యాండిల్ బరువుగా దిగుతుంది, లేదా అసలు దిగదు. బలవంతంగా దించితే లగ్గు మీద గీత పడుతుంది. వెనక స్క్రూలు కూడా బోల్ట్ ఒంటిని గీకవచ్చు.

బేస్‌తో వచ్చిన చిన్న పొట్లంలో స్క్రూలన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ తరచూ రెండు మూడు పొడవులు కలిసి ఉంటాయి. ఏది ఎక్కడో కాగితంలో రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని నమ్మండి, కానీ కొలవండి కూడా. పద్ధతి సులువే. బేస్ లేకుండా ఉత్త స్క్రూని రంధ్రంలోకి వేళ్లతో తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిపోతుందో లెక్కపెట్టండి. 6-48కి ఒక చుట్టు అంటే అంగుళంలో 48వ వంతు, దాదాపు 0.021 అంగుళాలు. దాన్నిబట్టి రంధ్రం లోతు తెలుస్తుంది. తర్వాత స్క్రూని బేస్‌లో దూర్చి, అడుగు నుంచి ఎంత బయటికి వచ్చిందో క్యాలిపర్‌తో కొలవండి. ఈ రెండో కొలత మొదటిదాని కన్నా కొంచెం తక్కువ ఉండాలి. ఎక్కువో సమానమో అయితే ఆ స్క్రూ అక్కడికి పనికిరాదు. మరీ తక్కువైనా ప్రమాదమే. కనీసం నాలుగైదు చుట్లు మరల్లో పట్టాలి, లేకపోతే బిగించేటప్పుడే మరలు ఊడిపోతాయి.

పొడుగైన స్క్రూని అరగదీయడం తప్పేమీ కాదు. ముందు దానికి ఒక నట్టు ఎక్కించి, కొసని సన్నటి ఆకురాయితో అరగదీసి, నట్టుని వెనక్కి తిప్పి తీస్తే చెడిన మొదటి చుట్టు అదే సరిపోతుంది. అరగదీసిన స్క్రూ ఏ రంధ్రానిదో గుర్తు పెట్టుకోండి. స్క్రూలన్నీ తీసి ఒక గిన్నెలో పోయడం లాంటి పని ఇక్కడ వద్దు. ఒక అట్టముక్క మీద రిసీవర్ బొమ్మ గీసి, ఎక్కడి స్క్రూని అక్కడే గుచ్చి పెట్టుకోండి.

మొత్తం బిగించాక బోల్ట్ పెట్టి నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడించండి. ఏదైనా పట్టినట్టు అనిపిస్తే ఒక్కో స్క్రూ తీసి చూస్తూ పోతే దొంగ దొరుకుతాడు.

నూనె

కొత్త బేస్, కొత్త స్క్రూలు తుప్పు పట్టకుండా నూనె పూసి వస్తాయి. రిసీవర్ రంధ్రాల్లో ఫ్యాక్టరీలో మరలు కోసినప్పటి నూనె ఉంటుంది. ఏళ్ల తరబడి మీరు ప్రేమగా పూసిన తుపాకీ నూనె కూడా అక్కడే చేరి ఉంటుంది. ఇది మూడు రకాలుగా చెడు చేస్తుంది. బేస్ కింద రాపిడి తగ్గిస్తుంది. మరల్లో రాపిడి తగ్గించి, రెంచ్ చూపించే అంకెకన్నా స్క్రూని ఎక్కువ సాగదీస్తుంది. మరలకి పూసే లాకింగ్ జిగురుని పట్టనివ్వదు.

పని మొదలుపెట్టేముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి, బోల్ట్ బయటికి తీసి పక్కన పెట్టండి. తూటాలు వేరే గదిలో ఉండాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలో, కార్లకి వాడే బ్రేక్ క్లీనరో తీసుకుని, దూది పుల్లలతో ఒక్కో రంధ్రాన్నీ పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవండి. అడుగు మూసుకున్న ముందు రంధ్రంలో నూనె ఊరుతూనే ఉంటుంది, దానికి ఎక్కువ ఓపిక కావాలి. బ్రేక్ క్లీనర్, అసిటోన్ లాంటివి చెక్క మీది పాలిష్‌నీ ప్లాస్టిక్‌నీ తినేస్తాయి కాబట్టి స్టాక్ మీద పడకుండా గుడ్డ కప్పండి. కిటికీ తీసి పెట్టండి. అన్నీ ఆరాక వేళ్లతో ముట్టుకోవద్దు.

బేస్ కింద తుప్పు పట్టదా అని హ్యూస్టన్ ఉక్కపోతలో ఉండేవాళ్లు అడుగుతారు. పడుతుంది. ఆ భయం ఉంటే, పని అంతా అయ్యాక బేస్ అంచుల చుట్టూ బయటి నుంచి నూనె గుడ్డతో ఒకసారి తుడవండి. కింద పూసి కూర్చోబెట్టడం కన్నా అది నయం.

కుంటి మంచం

నాలుగు స్క్రూలూ సరైన పొడవు, అన్నీ శుభ్రం. ఇంకా బిగించకండి. ఒకే ముక్క రైలు అయితే ముందు రెండు స్క్రూలు మాత్రం వేసి కొద్దిగా బిగించి, వెనక కొసని గమనించండి. రిసీవర్‌ని తాకుతోందా, గాల్లో ఉందా? 0.002 అంగుళాల ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడండి. తర్వాత ముందువి తీసి, వెనకవి వేసి, ముందు కొసని చూడండి. ఫ్యాక్టరీ రిసీవర్లని సానపట్టేటప్పుడు ముందు వెనక భాగాల ఎత్తులు కొంచెం అటూ ఇటూ అవుతాయి. బేస్ కూడా అచ్చం తిన్నగా ఉండకపోవచ్చు. ఒక కోడు పొట్టిదైన నులక మంచం మీద నలుగురు కూర్చుంటే కిర్రుమనడం మానేస్తుంది, కానీ పట్టె వంగి ఉంటుంది. ఇదీ అంతే. నాలుగు స్క్రూలు బిగిస్తే సందు మాయమవుతుంది, రైలు వంగిపోతుంది. వంగిన రైలు మీద రింగులు ఒక వరసలో ఉండవు, అవి స్కోపు గొట్టాన్ని మెలిపెడతాయి. స్కోపు లోపల గురి సవరించే యంత్రాంగం ఆ ఒత్తిడిలో సరిగా కదలదు. "నాలుగు క్లిక్కులు తిప్పితే అంగుళం జరగాలి, జరగడం లేదు, స్కోపు పాడు" అని తిరిగి పంపించే స్కోపుల్లో కొన్ని ఇలాంటివే.

ఒకటి రెండు వెయ్యో వంతుల సందుని వేట రైఫిల్‌లో వదిలేయవచ్చు. అంతకు మించితే ఎపాక్సీతో పూడ్చాలి. పద్ధతి ఇది. బేస్‌కి రిసీవర్ సరిగ్గా తగిలే వైపు స్క్రూలని మామూలుగా బిగిస్తారు. సందు ఉన్న వైపు రిసీవర్ మీద మైనపు బూట్ పాలిష్ లాంటిది పల్చగా పూస్తారు, అంటుకోకుండా. అటువైపు స్క్రూలకీ, రంధ్రాలకీ దండిగా పూస్తారు. బేస్ అడుగున ఆ చోట గరుకు చేసి, ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ రాసి కూర్చోబెడతారు. ఆ వైపు స్క్రూలు దారి చూపడానికి మాత్రమే, వేళ్లతో ఊరికే తగిలించాలి. బిగిస్తే మళ్లీ వంగుతుంది, చేసిన పనంతా వృథా. పక్కలకి కారినదాన్ని గట్టిపడకముందే తుడవాలి. ఒక రాత్రి ఆగి తీస్తే, సందు ఎంత ఉందో అంత మందంలో ఎపాక్సీ పొర బేస్‌కి అతుక్కుని వస్తుంది. అక్కణ్నుంచి నాలుగు స్క్రూలనీ పూర్తిగా బిగించినా రైలు వంగదు.

ఇంట్లో ఎపాక్సీ పనంటే జంకు ఉంటే గన్‌స్మిత్‌కి ఇవ్వండి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో పెట్టడం పాతకాలపు చిట్కా. ఆ రేకు మందం సుమారు 0.004 అంగుళాలు. అత్యవసరానికి పనికొస్తుంది. నా రైఫిల్ మీద నేను పెట్టను.

బిగింపు

కారు చక్రం నట్లకి 80 నుంచి 100 ఫుట్-పౌండ్ల బిగింపు పెడతాం. ఒక ఫుట్-పౌండ్ 12 ఇంచ్-పౌండ్లు. అంటే చక్రం నట్టుకి వెయ్యి ఇంచ్-పౌండ్లకి అటూ ఇటూ. బేస్ స్క్రూకి కావాల్సింది 20. మోచేతి బలానికీ ఈ పనికీ సంబంధం లేదు, మణికట్టు కూడా ఎక్కువే. పెద్ద పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో "గట్టిగా" బిగించేవాడు 6-48 స్క్రూ తలని తుంచేయగలడు. చిన్న ఎల్-ఆకారపు కీతో జాగ్రత్తగా బిగించేవాడు పది దగ్గరే ఆగిపోవచ్చు. ఇద్దరికీ తాము సరిగ్గా బిగించామనే అనిపిస్తుంది. అందుకే ఇంచ్-పౌండ్లలో కొలిచే చిన్న టార్క్ స్క్రూడ్రైవర్ కొనండి. వీలర్ కంపెనీ ఫ్యాట్ రెంచ్ లాంటివి 10 నుంచి 65 దాకా కొలుస్తాయి. ఈ పుస్తకంలో నేను కొనమని చెప్పే పనిముట్లలో ఇది మొదటిది.

అంకె విషయంలో మీ బేస్ కంపెనీ కాగితానిదే తుది మాట. మొత్తం మీద 6-48 స్క్రూలకి 15 నుంచి 22 మధ్య, 8-40కి 25 నుంచి 30 మధ్య చెబుతుంటారు. మరలకి జిగురు పూస్తే అది తడిగా ఉన్నంతసేపు నూనెలా జారుడునిస్తుంది, కాబట్టి చెప్పినదాంట్లో కింది అంకె దగ్గర ఆగండి.

జిగురు గురించి. దాన్ని కనిపెట్టింది కనెక్టికట్‌ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నాన్ క్రీబుల్, 1953లో. గాలి తగిలినంతసేపు ద్రవంగా ఉండి, లోహాల మధ్య గాలి లేకుండా చిక్కుకున్నప్పుడు గట్టిపడటం దాని గుణం. లాక్‌టైట్ 222 ఊదారంగు, చిన్న స్క్రూల కోసమే చేసినది. 242, 243 నీలం, మధ్యరకం. 271 ఎరుపు, దాన్ని విప్పాలంటే 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి. బేస్ స్క్రూకి ఊదా చాలు, నీలం సరే, ఎరుపు వద్దు. ఒక్క చుక్క, మరల మధ్యలో. ఎక్కువైతే లోపలికి కారి బోల్ట్ దారిలో చేరుతుంది. 24 గంటలు ఆగి కాల్చండి.

స్క్రూ తలకి సరిగ్గా సరిపోయే బిట్ వాడండి. ఇప్పుడు చాలా బేస్‌లకి నక్షత్రాకారపు టార్క్స్ తలలు, తరచూ టి-15. పాతరకం ఒంటిగాడి స్క్రూలైతే, చివర చీలికలా సన్నబడే మామూలు స్క్రూడ్రైవర్ గాడిలోంచి పైకి జారి రిసీవర్ మీద గీత పెడుతుంది. పక్కలు సమాంతరంగా సానపట్టిన గన్‌స్మిత్ బిట్లు అయోవాలోని బ్రౌనెల్స్ లాంటి చోట దొరుకుతాయి.

నాలుగు స్క్రూలనీ ముందు వేళ్లతో దింపండి. బేస్ రంధ్రాల్లో స్క్రూల చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది కాబట్టి బేస్‌ని ముందుకి, మూతి వైపుకి నెట్టి పట్టుకోండి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు బేస్ ముందుకే జారాలని చూస్తుంది, ఆ జారే దారి ముందే మూసేస్తున్నామన్నమాట. కింద పన్ను ఉన్న బేస్ అయితే ఆ పన్ను రిసీవర్ అంచుకి తగలాలి. తర్వాత లోపలి రెండు, బయటి రెండు, మళ్లీ లోపలివి. ఒకేసారి 20కి పోకుండా 10, 15, ఆపైన చివరి అంకె. అయ్యాక ప్రతి స్క్రూ తల మీదుగా బేస్ మీదికి పెయింట్ పెన్నుతో సన్నటి గీత గీయండి. గోళ్ల రంగైనా పరవాలేదు. ఇక మీదట తనిఖీ అంటే రెంచ్ పెట్టి తిప్పడం కాదు, ఆ గీత విరిగిందేమో చూడటం. గట్టిపడిన జిగురుని "ఇంకాస్త" బిగిద్దామని కదిపితే దాని పట్టు పోతుంది, మొత్తం విప్పి మళ్లీ చేసుకోవాల్సిందే.

ఇండియాలో చదివేవాళ్ల కోసం ఒక పక్కమాట. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్‌కి స్కోపు పెట్టుకునేటప్పుడు పైన చెప్పిన దిశ తిరగబడుతుంది. లోపలి పిస్టన్ ముందుకి దూకేటప్పుడు తుపాకీ వెనక్కి కదిలి, పిస్టన్ చివర కొట్టుకోగానే ముందుకి కుదుపుతుంది. ఆ రెండో దెబ్బకి, 11 మిల్లీమీటర్ల గాడి మీద స్కోపుని పట్టి ఉంచే మౌంటు వెనక్కి పాకుతుంది. వెనక మౌంటుకి అడ్డంగా ఆపుడు పిన్ను ఉన్నదే కొనాలి. తూటాల రైఫిల్ తన్నుని ఏళ్ల తరబడి ఓర్చుకున్న స్కోపులు ఈ రెండువైపుల కుదుపుకి పాడైపోవడం కద్దు, కాబట్టి పెట్టె మీద ఎయిర్ రైఫిల్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూడండి.

పాత బేస్‌ని విప్పేటప్పుడు స్క్రూ రాకపోతే, గతంలో ఎవరో ఎరుపు జిగురు పోసి ఉంటారు. టార్చితో రిసీవర్‌ని వేడి చేయొద్దు. ఉక్కుకి పెట్టిన పదునూ, పైన నల్లటి పూతా రెండూ చెడతాయి. సోల్డరింగ్ ఐరన్ కొసని స్క్రూ తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచితే వేడి స్క్రూలోకే దిగుతుంది. వేడిగా ఉండగానే సరైన బిట్ పెట్టి, కిందికి అదిమి, తిప్పండి. తల అరిగిపోయినా, తెగిపోయినా అక్కడితో ఆపేయండి. డ్రిల్లు పెట్టి తవ్వడం గన్‌స్మిత్ పని. రంధ్రాలే లేని పాత రైఫిల్ అయినా, రంధ్రాలు బ్యారెల్ వరసకి పక్కగా ఉన్నా అతని దగ్గరికే పోవాలి. వరస తప్పిన రంధ్రాలని 8-40కి పెద్దవి చేసేటప్పుడు తిన్నగా సవరించవచ్చు. ఇచ్చేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: ఏ తూటా, స్కోపు బరువు ఎంత, అంతకు ముందు మరలకి ఏ రంగు జిగురు పూశారు. సీజన్‌కి వారం ముందు తీసుకెళ్తే మాత్రం మీ రైఫిల్ డిసెంబర్‌లో వస్తుంది, జూన్‌లోనే ఇవ్వండి.